పదిహేడేళ్లకే రంజీ బౌలర్ - హైదరాబాదు ముద్దుబిడ్డ గులాం అహ్మద్

చేవెళ్ల: పదో తరగతి పరీక్షలు ముగిశాయంటే చాలు, చేవెళ్ల, మొయినాబాద్ పరిసర గ్రామాల్లో కోతలైన పొలాలన్నీ క్రికెట్ మైదానాలే. బ్యాటు ఒకరిద్దరికే ఉంటుంది. బంతి వేసే కుర్రాళ్లకు మాత్రం కొదవ లేదు. జూన్ రాగానే సగంమంది ఆట మానేస్తారు. బాగా పరుగెత్తి వేసేవాడైనా, బంతిని గిర్రున తిప్పేవాడైనా ఇంటర్‌కో, కూరగాయల మడికో, నగరంలో పనికో పోవలసిందే. అమెరికాలో హైస్కూలు ముగించే ఆటగాళ్లకు కాలేజీ ఫీజులు కట్టే ఉపకారవేతనాలు ఉన్నాయి. బల్లమీద బంతి దొర్లించి పిన్నులు పడగొట్టే బౌలింగ్ ఆటకు సైతం అక్కడ స్కాలర్‌షిప్పులు ఇస్తారు. మన పల్లెల్లో బంతి వేసే కుర్రవాడికి ఆ వయసులో అందే ఆసరా ఏమీ లేదనే చెప్పాలి. సరిగ్గా ఆ వయసులోనే, ఏ ఉపకారవేతనం ఎరుగని రోజుల్లో, మన నగరం నుంచి బంతి పట్టుకుని బయలుదేరినవాడు గులాం అహ్మద్.

ఆయన 1922 జులై 4న హైదరాబాదులో జన్మించారు. 1939-40లో రంజీ ట్రోఫీలో హైదరాబాదు జట్టు తరఫున తొలిసారి ఆడేనాటికి పదిహేడేళ్లవాడు. మన కుర్రాళ్లు బడి ముగించే వయసే. పొడగరి. చేయి బాగా పైకెత్తి బంతి వదిలేవారు. కుడిచేతి బ్యాట్స్‌మన్‌కు బయటి వైపు పడి లోపలికి తిరిగే ఆఫ్ బ్రేక్ ఆయన ఆయుధం.

ఆ రోజుల్లో క్రికెట్‌ను పోషించింది నవాబులు, రాజులే. అస్మాన్‌జాహీ పాయెగా నవాబు మొయినుద్దౌలా పేరిట 1930-31లో సికింద్రాబాదులో బంగారు కప్పు పోటీలు మొదలయ్యాయి. దేశంలోని పెద్ద పెద్ద ఆటగాళ్లు ఆ పోటీలకు వచ్చేవారు. నగరంలోని పిల్లలకు వాళ్ల ఆట కళ్లారా చూసే భాగ్యం దక్కింది. గులాం అహ్మద్ పెరిగిన వాతావరణం అది. చేతిలో ఎంత నేర్పు ఉన్నా, మైదానం నడిచి వెళ్లేంత దూరంలో ఉండడం కూడా అదృష్టమేనని ఒప్పుకోక తప్పదు. మన మండలాల కుర్రవాడు మెహిదీపట్నం బస్సు ఎక్కి వెళ్లి రావడానికే సగం పూట పోతుంది.

రంజీలో ఆడడం మొదలుపెట్టాక భారత జట్టులో చోటుకు ఆయన తొమ్మిదేళ్లు ఆగవలసి వచ్చింది. రెండో ప్రపంచ యుద్ధం వల్ల ఆ మధ్య ఏళ్ల తరబడి టెస్టులే జరగలేదు. 1946లో ఇంగ్లండుకు, 1947-48లో ఆస్ట్రేలియాకు వెళ్లిన జట్లలో ఆయన లేరు. 1948 సెప్టెంబరు 17న నిజాం లొంగిపోయి హైదరాబాదు సంస్థానం పాలన మారింది. ఆ తర్వాత మూడున్నర నెలలకు, డిసెంబరు 31న కలకత్తాలో వెస్టిండీస్‌పై మొదలైన టెస్టులో గులాం అహ్మద్ భారతదేశం తరఫున తొలిసారి బరిలోకి దిగారు. వీక్స్ రెండు ఇన్నింగ్స్‌లోనూ సెంచరీలు కొట్టిన ఆట అది. అటువంటి పిచ్‌పైనా మన బౌలర్ తొలి ఇన్నింగ్స్‌లో 4 వికెట్లు తీశారు.

ఆయన ఓర్పుకు కొలమానం వేరే ఉంది. 1950-51 రంజీ పోటీల్లో ఇందోరులో హోల్కర్ జట్టుతో హైదరాబాదు తలపడింది. హోల్కర్ నాయకుడు నాగపూరు తెలుగు కుటుంబంలో పుట్టిన సి.కె. నాయుడు. ఆ ఒక్క ఇన్నింగ్స్‌లోనే గులాం అహ్మద్ 92.3 ఓవర్లు వేశారు. అంటే 555 బంతులు! ఇరవై ఓవర్ల పోటీల్లో ఒక బౌలర్ ఆటకు వేసేది 24 బంతులే. ఆ లెక్కన ఇరవై మూడు ఆటల పని ఆయన ఒక్క ఇన్నింగ్స్‌లో చేశారు. ఇచ్చిన పరుగులు 245, దక్కిన వికెట్లు నాలుగే. అయినా చేయి ఆపలేదు. బ్యాట్స్‌మన్ డబుల్ సెంచరీ చేస్తే ఊరంతా చెప్పుకుంటుంది గాని, బౌలర్ పడ్డ ఇటువంటి చాకిరీని తలచుకునేవారు తక్కువ.

1952 ఆయనకు కలిసొచ్చిన సంవత్సరం. జనవరిలో కాన్పూరులో ఇంగ్లండుపై ఒక ఇన్నింగ్స్‌లో 5 వికెట్లు పడగొట్టారు. ఫిబ్రవరిలో మద్రాసులో భారత్ మొట్టమొదటి టెస్టు విజయం సాధించింది. ఆ ఆటలో వినూ మన్కడ్‌కు 12 వికెట్లు వచ్చాయి. రెండో ఇన్నింగ్స్‌లో మన్కడ్‌తో సమానంగా గులాం అహ్మద్ 4 వికెట్లు తీసిన సంగతి చాలామందికి తెలియదు. ఆ వేసవిలో ఇంగ్లండు పర్యటనలో మన జట్టు చిత్తుగా ఓడింది గాని, ఆయన మొత్తం 80 వికెట్లతో తిరిగి వచ్చారు. అక్టోబరులో ఢిల్లీలో పాకిస్తాన్‌తో జరిగిన టెస్టులో పదకొండో ఆటగాడిగా బ్యాటు పట్టి 50 పరుగులు చేశారు. హేమూ అధికారితో కలిసి చివరి వికెట్‌కు 109 పరుగులు జోడించారు. 2004లో టెండూల్కర్, జహీర్ ఖాన్ ఢాకాలో 133 పరుగులు చేసేదాకా భారత జట్టుకు అదే రికార్డు. బౌలర్ పేర యాభై రెండేళ్లు నిలిచింది బ్యాటు రికార్డు కావడం విచిత్రం!

1955 నవంబరులో ఫతే మైదాన్‌లో హైదరాబాదు నగరపు మొట్టమొదటి టెస్టు న్యూజీలాండుతో జరిగింది. సొంత ఊళ్లో జరిగిన ఆ ఆటకు భారత జట్టు నాయకుడు గులాం అహ్మదే. ఉమ్రీగర్ 223 పరుగులు చేయగా ఆట డ్రాగా ముగిసింది.

మరుసటి ఏడు కలకత్తాలో ఆస్ట్రేలియాపై ఆయన జీవితంలోకెల్లా గొప్ప బౌలింగ్ చేశారు. తొలి ఇన్నింగ్స్‌లో 49 పరుగులకే 7 వికెట్లు తీసి ప్రత్యర్థిని 177కు కూల్చారు. రెండో ఇన్నింగ్స్‌లో మరో మూడు. ఇంత చేసినా మన బ్యాటింగ్ కుప్పకూలి 94 పరుగుల తేడాతో ఓడిపోయాం.

1958-59లో వెస్టిండీస్ వచ్చినప్పుడు కాన్పూరు, కలకత్తా టెస్టుల్లో నాయకత్వం ఆయనదే. రెండూ ఓటములే. కలకత్తాలోనైతే ఇన్నింగ్స్ 336 పరుగుల ఘోర పరాజయం. ఆ ఆట మొదలైంది డిసెంబరు 31న. పదేళ్ల కిందట అదే తేదీన, అదే మైదానంలో, అదే ప్రత్యర్థిపై ఆయన తొలి టెస్టు ఆడారు. మళ్లీ టెస్టు ఆడలేదు. మొత్తం 22 టెస్టుల్లో 68 వికెట్లు, ఫస్ట్‌క్లాస్ ఆటల్లో 407 వికెట్లు ఆయన ఖాతాలో మిగిలాయి. ప్రసన్న, వెంకటరాఘవన్ పేర్లు దేశానికి తెలియకముందు భారత్‌కు పెద్ద ఆఫ్ స్పిన్నర్ అంటే ఆయనే. మేనల్లుడు ఆసిఫ్ ఇక్బాల్ కూడా హైదరాబాదులో బంతి వేసి పైకొచ్చినవాడే. 1961లో పాకిస్తాన్ వెళ్లి, తర్వాత ఆ దేశపు జట్టుకు నాయకుడయ్యాడు.

ఆట మానినా గులాం అహ్మద్ క్రికెట్‌ను వదలలేదు. 1975 నుంచి 1980 వరకు భారత క్రికెట్ బోర్డు కార్యదర్శిగా పనిచేశారు. 1983లో ప్రపంచ కప్పు గెలిచిన కపిల్ దేవ్ జట్టును ఎంపిక చేసిన సంఘానికి ఆయనే అధ్యక్షులు.

అప్పటికి, ఇప్పటికి డబ్బు లెక్క ఎంతో మారింది. అండర్-19 ఆటగాడికి రోజుకు 20 వేల రూపాయలు ఇస్తామని బోర్డు 2021లో ప్రకటించింది. అయితే ఆ సొమ్ము జట్టులోకి ఎంపికైనవాడికే. ఎంపిక దాకా చేరేందుకు కావలసిన బూట్లు, బస్సు చార్జీలు, శిక్షణ ఖర్చు తల్లిదండ్రులే భరించాలి. చేవెళ్లలో క్యారెట్ అమ్మి పిల్లల్ని చదివించే రైతు ఈ ఖర్చు ఎన్నాళ్లు మోయగలడు? పదో తరగతి ముగించిన మంచి బౌలర్‌కు రెండేళ్లపాటు ఉపకారవేతనం ఇస్తే, ఆ రెండేళ్లలోనే తేలిపోతుంది అతని సత్తా. కప్పులకు, సన్మానాలకు దాతలు దొరుకుతున్నప్పుడు దీనికి దొరకరా?

గులాం అహ్మద్ తర్వాత హైదరాబాదు నుంచి శివలాల్ యాదవ్, అర్షద్ అయూబ్ అదే ఆఫ్ స్పిన్‌తో భారత జట్టుకు ఆడారు. శివలాల్ టెస్టుల్లో 102 వికెట్లు తీసి ఆయన లెక్కను దాటారు. అదంతా చూశాకే గులాం అహ్మద్ 1998 అక్టోబరు 28న హైదరాబాదులో కన్నుమూశారు. అప్పటికి ఆయన వయస్సు 76 సంవత్సరాలు.