కొమఱ్ఱాజు వేంకట లక్ష్మణరావు పంతులుగారు

నాటి కృష్ణామండలమున పెనుగంచిప్రోలు గ్రామమందు 1877వ సంవత్సరము మే నెల 18వ తేదీని లక్ష్మణరావు పంతులుగారు జన్మించిరి. పసితనముననే తండ్రి గతించెను. సోదరి భండారు అచ్చమాంబగారును, ఆమె భర్త మాధవరావుగారును ఆయనను నాగపురమునకు తోడ్కొనిపోయి చదువు చెప్పించిరి. తమ్ముని చెంత కూర్చుండి చదువు నేర్చిన ఆ సోదరియే పిదప అబలాసచ్చరిత్ర రత్నమాలను రచించినది. ఇంటనే ఇట్టి పఠనాసక్తి నెలకొనుట పంతులుగారి భాగ్యము.

నాగపురవాసమువలన వారికి మహారాష్ట్రభాష స్వాధీనమయ్యెను. ఇది స్వల్పవిషయము కాదు. శివాజీ చరిత్రమును తెలుగున వ్రాయబూనినపుడు ఇంగ్లీషు గ్రంథములనే శరణు జొచ్చవలసిన అగత్యము వారికి లేకపోయెను. శివాజీ ఒకరి గ్రంథమున దోపిడికాడు, మరియొకరి గ్రంథమున అవతారపురుషుడు. వ్రాసినవాడెవడు, ఏ కాలమువాడు, ఎవరి ఉప్పు తినినవాడు అని విచారింపక ఈ రెంటిలో దేనిని నమ్మినను చదువరి మోసపోవును.

1901వ సంవత్సరమున హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయమును స్థాపించినవారిలో పంతులుగారు ప్రముఖులు. గ్రంథాలయము వెలసినది కాని, అందు నిలుపుటకు తెలుగున కావ్యములు, పురాణములు ఉన్నంతగా చరిత్ర, శాస్త్రగ్రంథములు లేవు. ఆ కొఱత తీర్చుటకు 1906లో విజ్ఞానచంద్రికా గ్రంథమండలి ఏర్పడెను. గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారి అబ్రహాము లింకను చరిత్రము, చిలుకూరి వీరభద్రరావుగారి ఆంధ్రుల చరిత్రము మొదలగునవి ఈ మండలి వెలువరించినవే.

పంతులుగారి పరిశీలనాపద్ధతికి తెలుగు అను పేరునుగూర్చి వారు చేసిన చర్చయే చక్కని నిదర్శనము. శ్రీశైలము, కాళేశ్వరము, ద్రాక్షారామము అను మూడు లింగక్షేత్రముల నడిమి దేశము త్రిలింగమనియు, దానినుండియే తెలుగు అను మాట పుట్టినదనియు పండితులు చిరకాలము చెప్పుచుండిరి. పంతులుగారు దీనిని తలక్రిందు చేసి, తెలుగు అను దేశ్యపదమునే సంస్కృతపండితులు త్రిలింగముగా సంస్కరించిరని నిర్ణయించిరి. 11వ శతాబ్దమున నన్నయభట్టునాటికే తెనుగు అను మాట వాడుకలో నున్నది. మూడు క్షేత్రములతో దేశమునకు ఎల్లలు చెప్పిన విద్యానాథుడో, ప్రతాపరుద్రుని యాస్థానకవి. రెండువందల యేండ్లకుపైగా అనంతరకాలమువాడు. శ్రీశైలమల్లన్నను కొలుచు పల్నాటివారికి ఈ మాట మొదట రుచింపకపోవచ్చును. అయినను దీనివలన క్షేత్రమహిమకు లోపమేమియు లేదు.

జమాబందినాడు లెక్కలు ఒప్పజెప్పినవారికి ఈ పద్ధతి క్రొత్తది కాదు. పద్దును రసీదుతో సరిచూచినగాని లెక్క అంగీకరింపరు. ఒకే చిట్టాను పదిమంది నకలు వ్రాసికొన్నచో సాక్షులు పదిమంది కారు, ఒక్కడే. త్రిలింగవాదమును ఒకరిని చూచి ఒకరు వ్రాసిన పండితుల సంగతియు ఇట్టిదే. వార్తాపత్రికలును అంతే: ఒక్క తంతివార్తను నాలుగు పత్రికలు అచ్చువేసినంతమాత్రమున అది నాలుగు సాక్ష్యములు కాజాలదు. ఇక కార్తికమాసమున కారెంపూడిలో పాడు వీరగాథనుండి జనుల మానాభిమానములు తెలియునుగాని, యుద్ధము జరిగిన యేడు తేల్చుటకు శాసనములను వెదకవలసినదే.

ఈ దృష్టితోనే పంతులుగారు ఆంధ్రవిజ్ఞాన సర్వస్వమునకు పూనుకొనిరి. సకలశాస్త్రవిషయములను అకారాదిగా తెలుగున సమకూర్చుట ఒక మహారాజు పోషణలో అనేక పండితులు చేయదగిన పని. పంతులుగారు ఇతరులచేత వ్రాయించుటయేకాక, పెక్కు వ్యాసములు తామే వ్రాసిరి. మల్లంపల్లి సోమశేఖరశర్మగారివంటి యువకులు వారి చెంత ఈ పనిలో తరిఫీదు పొందిరి. త్వరపడి ఇంగ్లీషు సర్వస్వమును తెనిగించియుండినచో సంపుటములు వేగముగా వెలువడియుండును. వారు అట్లు చేయలేదు. మూడు సంపుటములు ముగిసినను గ్రంథము అకారమును దాటలేదు.

1923వ సంవత్సరము జూలై 12వ తేదీని చెన్నపట్టణమున పంతులుగారు దివంగతులైరి. అప్పటికి వారి వయస్సు 46 సంవత్సరములు. సర్వస్వమును పునరుద్ధరించు భారమును పిదప కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు వహించిరి.