ఫినియాస్ గేజ్

ఫినియాస్ పి. గేజ్ (1823 - 1860) అమెరికా సంయుక్త రాష్ట్రాలకు చెందిన రైలుమార్గ నిర్మాణపు మేస్త్రీ. తలలోనుండి ఇనుప కడ్డీ దూసుకుపోయినా దాదాపు పన్నెండు సంవత్సరాలు జీవించాడు. మనిషి నిగ్రహానికి, మెదడుకు గల సంబంధం గురించి వైద్యులు ఆలోచించడానికి ఇతని ఉదంతం కారణమైనది. మనస్తత్వశాస్త్ర పాఠ్యపుస్తకాలలో ఇతని పేరు తరచుగా కనిపిస్తుంది. అయితే ఆ పుస్తకాలు చెప్పే కథలో కొంత అతిశయోక్తి కూడా ఉన్నది.

తొలి జీవితం

గేజ్ న్యూ హాంప్‌షైర్ రాష్ట్రంలోని గ్రాఫ్టన్ కౌంటీలో జన్మించాడు. జెస్సీ, హానా దంపతుల ఐదుగురు సంతానంలో ఇతడే పెద్దవాడు. రైలుమార్గాల కొరకు కొండరాళ్ళను పేల్చే పనిలో చేరి, పాతికేళ్ళకే ఒక జట్టుకు మేస్త్రీ అయ్యాడు. యజమానులు ఇతనిని మిక్కిలి సమర్థునిగా ఎంచేవారు. మందు కూరడానికి కమ్మరిచేత ప్రత్యేకంగా ఒక కడ్డీ చేయించుకున్నాడు. దాని పొడవు 3 అడుగుల 7 అంగుళాలు, బరువు సుమారు 6 కిలోలు. ఒక కొన సన్నగా మొనదేలి ఉండేది. బహుశా ఆ మొన వలననే ఇతని ప్రాణం దక్కినదని తరువాత వైద్యులు అభిప్రాయపడ్డారు.

ప్రమాదం

1848 సెప్టెంబరు 13 సాయంకాలం, వెర్మాంట్ రాష్ట్రంలోని కావెండిష్ వద్ద ఈ ప్రమాదం జరిగింది. రాతిలో రంధ్రం తొలిచి, తుపాకిమందు, వత్తి పెట్టి, పైన ఇసుక పోసి కడ్డీతో కూరుట ఆనాటి పద్ధతి. గేజ్ వెనుకనున్న పనివారి వైపు తల త్రిప్పిన క్షణంలో కడ్డీ రాతికి రాసుకొని నిప్పురవ్వ పుట్టింది. మందు పేలింది. కడ్డీ ఎడమ చెంపలోనుండి ప్రవేశించి, ఎడమ కంటి వెనుకగా మెదడు ముందుభాగాన్ని చీల్చుకొని నెత్తిన బయటపడి, సుమారు 80 అడుగుల దూరంలో పడింది.

కొద్ది నిమిషాలలోనే గేజ్ మాట్లాడాడు. ఎద్దుబండిలో కూర్చొని ముప్పాతిక మైలు దూరంలోని తన బసకు చేరి, అక్కడికి వచ్చిన వైద్యుడు ఎడ్వర్డ్ విలియమ్స్‌ను తానే పలకరించాడు. ఆ తరువాత చికిత్స భారమంతా జాన్ మార్టిన్ హార్లో అనే యువ వైద్యుడు వహించాడు. గాయాలు చీముపట్టడానికి సూక్ష్మజీవులు కారణమని వైద్యలోకానికి ఇంకా తెలియని కాలమది. గాయం చీముపట్టి గేజ్ మగతలోకి జారిపోగా దగ్గరివారు శవపేటికను సైతం సిద్ధపరచారు. హార్లో చీమును కోసి తీసివేసి ఇతనిని బ్రతికించాడు. నవంబరు చివరకు గేజ్ తల్లిదండ్రుల ఇల్లు చేరాడు. ఎడమ కంటి చూపు మాత్రం పోయింది.

స్వభావంలో మార్పు

శరీరం కోలుకున్నది గాని మనిషి మారిపోయాడు. హార్లో వ్రాసినదాని ప్రకారం మునుపు నిదానస్తుడైన గేజ్, ప్రమాదం తరువాత చపలచిత్తుడు, మొండివాడు అయినాడు. నోటికి వచ్చినట్లు దుర్భాషలాడేవాడు. తన కోరికకు అడ్డుచెప్పే సలహాను సహించేవాడు కాడు. ఎన్నో పథకాలు వేసి వెంటనే విడిచిపెట్టేవాడు. పాత యజమానులు మేస్త్రీ పని తిరిగి ఇవ్వలేదు.

కొంతకాలం న్యూయార్క్‌లోని బార్నమ్ ప్రదర్శనశాలలో కడ్డీతో సహా కనిపించాడు. తరువాత హానోవర్‌లో గుర్రపుశాలలో పనిచేసి, 1852లో చిలీ దేశానికి వెళ్ళి వాల్పరైసో - శాంటియాగో మార్గంలో గుర్రపు బండి తోలాడు. తాగుబోతుగా, దేనికీ పనికిరానివానిగా తిరిగాడని తరువాతివారు వ్రాసిన దానికి ఆధారాలు లేవు. ప్రయాణికులను, గుర్రాలను చూచుకుంటూ అంత దూరం బండి నడపడానికి ఓర్పు, క్రమశిక్షణ అవసరం. కనుక కాలక్రమేణా ఇతడు చాలావరకు కుదుటపడి ఉంటాడని చరిత్రకారుడు మాల్కమ్ మాక్‌మిలన్ వాదించాడు. పిల్లలన్నా, గుర్రాలన్నా ఇతనికి ప్రీతి. మేనల్లుళ్ళకు, మేనకోడళ్ళకు తన సాహసాల గురించి కల్పించి కథలు చెప్పేవాడని తల్లి తెలిపింది.

1859లో ఆరోగ్యం క్షీణించి శాన్‌ఫ్రాన్సిస్కోలోని తల్లి వద్దకు చేరాడు. మూర్ఛలు పెరిగి 1860 మే 21న మరణించాడు. హార్లో పొరపాటున 1861 అని వ్రాయడంతో చాలా పుస్తకాలలో అదే నిలిచిపోయింది.

శాస్త్ర ప్రాముఖ్యత

హార్లో 1868లో ఈ మార్పులను వివరిస్తూ వ్యాసం ప్రకటించాడు. 1994లో హానా డమాసియో బృందం పుర్రె కొలతలను బట్టి కడ్డీ మార్గాన్ని కంప్యూటర్‌లో పునర్నిర్మించింది. నుదుటి వెనుక భాగం రెండు వైపులా దెబ్బతిన్నదని వారన్నారు. ఎడమవైపు మాత్రమేనని 2004లో మరొక బృందం తేల్చింది. మెదడు భాగాలను కలిపే తంతువులలో సుమారు 11 శాతం నష్టపోయి ఉండవచ్చని 2012 నాటి అధ్యయనం అంచనా వేసింది.

తొందరపాటును అదుపుచేసే ఈ భాగం మెదడులో అన్నిటికంటె ఆలస్యంగా, ఇరవై ఏళ్ళు దాటిన తరువాత గాని పరిణతి చెందదు. కవలలపై జరిగిన పరిశోధనలను బట్టి మనుషులలో కనిపించే తొందరపాటు భేదాలలో ఇంచుమించు సగం వంశపారంపర్యం. ఇందులో పాత్ర వహించేది ఒక్క జన్యువు కాదు, అనేకం. చేతులు మళ్ళీమళ్ళీ కడుగుకొనే వ్యాధిలో కూడా నుదుటి భాగాన్ని మెదడు లోపలి కేంద్రాలతో కలిపే నాడీవలయాలు గాడితప్పుతాయని భావిస్తున్నారు. గేజ్ విషయంలో జన్యువులు మారలేదు, పెంపకం మారలేదు, మారినది మెదడు మాత్రమే. ఈ ఉదంతానికి అంత విలువ రావడానికి ఇదే కారణం.

1867లో కుటుంబసభ్యుల అనుమతితో సమాధినుండి వెలికితీసిన పుర్రె, ఆ కడ్డీ హార్వర్డ్ విశ్వవిద్యాలయపు వారెన్ మ్యూజియంలో ఉన్నాయి. కడ్డీ పట్టుకొని, ఎడమ కన్ను మూసుకొని, హుందాగా కూర్చున్న గేజ్ ఛాయాచిత్రాన్ని 2009లో గుర్తించారు.