రాయలవారి బుగ్గల మీది గుంటలు

శ్రీసిటీలో ఉద్యోగం చేస్తూ సత్యవేడులోనో తడలోనో ఉంటున్నవారైతే, ఏదో ఒక ఆదివారం మీరు నాగలాపురం వెళ్లే ఉంటారు. ఏటా మార్చి ప్రాంతంలో మూడు రోజులపాటు సాయంత్రపు ఎండ గర్భగుడి దాకా వచ్చి వేదనారాయణస్వామిని తాకే ఊరది. ఆ గుడిని శ్రీకృష్ణదేవరాయలు తన తల్లి నాగలాంబ పేరిట కట్టించారని చెబుతారు. కాళహస్తిలో 2010లో కూలిపోయి మళ్లీ లేచిన గాలిగోపురాన్ని 1516లో మొదట కట్టించిందీ ఆయనే. 1513 నుంచి 1521 మధ్య ఏడుసార్లు తిరుమలకు వెళ్లారు. ఇప్పటికీ మీరు మహాద్వారం దాటగానే, ఇద్దరు దేవేరుల నడుమ చేతులు జోడించి నిలబడిన ఆయన లోహవిగ్రహం కనిపిస్తుంది.

ఆ విగ్రహం ముఖం నునుపు. మన మనసులో ఉన్న రాయల ముఖమూ అంతే, ఎందుకంటే అది ‘మహామంత్రి తిమ్మరుసు’లోని ఎన్టీఆర్ ముఖం. అసలు ముఖం అలా ఉండేది కాదు. 1520 ప్రాంతంలో విజయనగరానికి వచ్చి రాయలను కళ్లారా చూసిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పేస్, ఆయన మధ్యరకం పొడవు, చామనఛాయ కాదు తెలుపు, కాస్త ఒళ్లున్న మనిషి అని రాసి, ముఖం మీద మశూచి మచ్చలున్నాయని కూడా రాసుకున్నాడు.

మశూచిని మన ఇళ్లలో అమ్మవారు పోయడం అనేవారు. గుమ్మానికి వేపమండలు కట్టి మొక్కుకోవడమే వైద్యం. సోకిన పదిమందిలో దాదాపు ముగ్గురు పోయేవారు. బతికినవారిలో మూడింట రెండొంతులమందికి పైగా జీవితాంతం గుంటలు మిగిలేవి, అవీ ముఖం మీదే ఎక్కువ. ముఖచర్మంలో నూనె గ్రంథులు ఎక్కువ కదా, ఆ జబ్బు వాటిని నాశనం చేసేది. ఆ చోట పుట్టిన కొత్త కణజాలం ముడుచుకుపోయి చర్మాన్ని లోపలికి లాగేది. అంటే గుంట పైన కనిపించినా, దాని పీకులాట కిందినుంచి. ఈ ఒక్క సంగతి గుర్తుపెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది.

తుళువ నరసనాయకుడి కొడుకైన కృష్ణరాయలు 1509లో సింహాసనమెక్కారు. అది అంత తేలిగ్గా దక్కలేదని మరో పోర్చుగీసు రచయిత న్యూనిజ్ ఒక కథ రాశాడు. అన్న వీరనరసింహుడు చావుమంచం మీద తమ్ముడి కళ్లు పీకించమంటే, మంత్రి తిమ్మరుసు మేక కళ్లు చూపించి గట్టెక్కించాడట. నిజమో కల్పనో గానీ, ఆ తర్వాత రాయలకు తిమ్మరుసు తండ్రి తర్వాత తండ్రి అయ్యాడు. ఉదయగిరి, కొండవీడు, 1520లో రాయచూరు ఒకదాని తర్వాత ఒకటి లొంగాయి. ఈ యుద్ధాల మధ్యనే రాయలు తెలుగులో ‘ఆముక్తమాల్యద’ రాశారు.

పేస్ వర్ణించిన దినచర్య చూడండి. తెల్లవారకముందే లేచి ముప్పావు పింటు, అంటే మన లెక్కలో రెండు గ్లాసుల నువ్వుల నూనె తాగేవారు. ఒళ్లంతా అదే నూనె పట్టించుకుని, మట్టితో చేసిన పెద్ద బరువులు ఎత్తి, నూనె మొత్తం చెమటగా కారిపోయేదాకా కత్తి తిప్పేవారు. ఆ తర్వాత మల్లయుద్ధం, తెల్లారేదాకా గుర్రపుస్వారీ, అప్పుడు స్నానం. (వ్యాయామం దాకా అనుకరించండి, రెండు గ్లాసుల నూనె జోలికి మాత్రం పోకండి.) తెల్లని బట్టల మీద బంగారు గులాబీలు, మెడలో వజ్రాలు, తలమీద జరీ టోపీ. ఉల్లాసంగా ఉంటాడనీ, ఉన్నట్టుండి కోపం తెచ్చుకుంటాడనీ కూడా ఆ విదేశీయుడు రాశాడు. అంత వివరంగా రాసినవాడు మచ్చలకు ఇచ్చింది అరవాక్యం.

చివరి రోజులు మాత్రం చేదు. పసికొడుకు తిరుమలరాయలు చనిపోయాడు. ఆ అనుమానం తిమ్మరుసు మీదికే పోయి, తండ్రిలాంటి మంత్రిని రాయలు శిక్షించారని న్యూనిజ్ కథనం. 1529లో రాయలు కన్నుమూశారు.

ఇప్పుడు ఒక్క నిమిషం, ఆ ముఖంతోనే రాయలవారు తిరుపతిలో ఒక చర్మవైద్యుల ఓపీలో కూర్చున్నారనుకుందాం. మశూచి పోయింది. మన దేశంలో చివరి కేసు 1975లో వచ్చింది, 1980లో ప్రపంచమంతటా అది అంతమైనట్టు ప్రకటించారు. కానీ ఆటలమ్మ, ముదిరిన మొటిమలు వదిలే గుంటలూ ఆ రకానివే. కాబట్టి ఆయనకు చెప్పే మాటే మీకూ, పెళ్లిచూపుల ముందు అద్దం వదలని మీ అబ్బాయికో అమ్మాయికో కూడా.

మొదటి మాట: పూతలతో గుంట లేవదు. మానిన గాయం మచ్చకు రంగు మార్చే పద్ధతులు సుశ్రుత సంహితలోనే ఉన్నాయి. రంగు విషయంలో నేటి క్రీములూ కొంత పనిచేస్తాయి. గుంటను లాగుతున్న నార మాత్రం చర్మం కింద ఉంది. అందుకే సబ్‌సిషన్ అనే పద్ధతిలో సూదిని చర్మం కిందికి పంపి ఆ నారను తెంపుతారు. వెడల్పుగా, అలల్లా కుంగిన మచ్చలకు ఇది బాగా నప్పుతుంది. సూదిమొనతో గుచ్చినట్టుండే సన్నని లోతు గుంటల్లోకి గాఢమైన టీసీఏ ఆమ్లాన్ని చుక్కగా పెడతారు, లేదా ఆ ముక్కను చిన్నగా కోసి తీసి కుట్టేస్తారు. మైక్రోనీడ్లింగ్, ఫ్రాక్షనల్ లేజర్ చర్మానికి సన్నని గాయాలు చేసి కొత్త కొల్లాజెన్ పుట్టిస్తాయి. ఫిల్లర్లు గుంటను వెంటనే నింపుతాయి, కానీ చాలా రకాలు కొన్ని నెలలకు కరిగిపోతాయి. ఒకే ముఖం మీద మూడు రకాల గుంటలుంటాయి గనక, ఒకే మిషన్‌తో అంతా చేస్తామనే చోట కాస్త ఆగి ఆలోచించండి.

రెండోది మన రంగు గురించి. మన చర్మానికి గాయం చేస్తే నల్లబారే గుణం ఎక్కువ. లేజర్ శక్తి ఎక్కువైనా, చేయించుకున్న వారంలోనే హెల్మెట్ అద్దం ఎత్తుకుని హైవే ఎండలో ఫ్యాక్టరీకి వెళ్లినా గుంట కన్నా నలుపే మిగులుతుంది. సన్‌స్క్రీన్ తప్పదు. గాయం మానాక ఉబ్బెత్తుగా పెరిగే కెలాయిడ్ గుణం ఇంట్లో ఎవరికున్నా ముందే చెప్పండి. మొటిమలు ఇంకా వస్తుంటే ముందు వాటిని అదుపు చేయాలి. మందుల షాపులో చేతికొచ్చిన స్టెరాయిడ్ కలిసిన ఫెయిర్‌నెస్ క్రీము వాడుతుంటే అదీ దాచకండి, అది చర్మాన్ని పలచబరుస్తుంది.

మూడోది డబ్బు. నెలకోటి చొప్పున చాలా సిట్టింగులు పట్టవచ్చు. అన్నీ సరిగా జరిగినా గుంటలు తగ్గుతాయి, పూర్తిగా మాయం కావు. అందం కోసం చేయించుకునేవాటికి ఆరోగ్య బీమా సాధారణంగా రాదు. ప్రమాదం తర్వాతి పునర్నిర్మాణానికైతే వర్తించే వీలుంది, పాలసీ చూసుకోండి. ఇంట్లో చిన్నపిల్లలుంటే ఆటలమ్మకు రెండు డోసుల టీకా ఉంది. పిల్లల డాక్టర్ని అడగండి, ఈ సిట్టింగులన్నిటికన్నా అది చవక.

మొదలుపెట్టే ముందు ఫొటో తీయమనండి. వెలుతురు ఎదురుగా కాకుండా పక్కనుంచి పడాలి, గుంటలు అప్పుడే తెలుస్తాయి. మూడో సిట్టింగ్ తర్వాత అదే కుర్చీలో, అదే వెలుతురులో ఇంకొకటి తీయించి రెండూ పక్కపక్కన పెట్టి చూడండి. తేడా కనిపించకపోతే నాలుగో దానికి డబ్బు కట్టే ముందు కారణం అడగండి.