పాడితే జైలు.. క్షమాపణ చెబితే విడుదల! గరిమెళ్ల ఏం ఎంచుకున్నారో తెలుసా?

నిడదవోలు: మన స్టేషన్‌లో రైలెక్కి, గోదావరి బ్రిడ్జి దాటితే రాజమహేంద్రవరం. వందేళ్ల క్రితం అక్కడి వీధుల్లో ఒకాయన పాట పాడుకుంటూ తిరిగారు. చేతిలో కర్ర లేదు, తుపాకీ లేదు. అయినా బ్రిటిష్ సర్కారు కంగారుపడింది. ఆయనే గరిమెళ్ల సత్యనారాయణ. 'మాకొద్దీ తెల్లదొరతనము' పాట ఆయనదే.

1893 జులై 14న శ్రీకాకుళం ప్రాంతంలోని గోనెపాడులో పేద కుటుంబంలో పుట్టారు. ఓ లాయరు సాయంతో బీఏ దాకా చదివారు. గంజాం కలెక్టరాఫీసులో గుమాస్తాగా, విజయనగరంలో టీచరుగా పనిచేశారు. గాంధీజీ సహాయ నిరాకరణకు పిలుపు ఇవ్వగానే, రాజమండ్రిలో చేస్తున్న టీచర్ ట్రైనింగ్‌ వదిలేసి ఉద్యమంలోకి దిగారు.

ఇంతకీ ఆ పాటలో ఏముంది? పంటలు పండే దేశంలో ఆకలి ఎందుకన్న ప్రశ్న ఉంది. ఉప్పు మీద ఆంక్షలు, సారా దుకాణాల దోపిడీ ఉన్నాయి. జనం రోజూ చూస్తున్నవే! కానీ అప్పటి ఐపీసీ 124ఏ ప్రకారం సర్కారు మీద ద్వేషం రగిలించడమే నేరం. జీవిత ఖైదు దాకా పడొచ్చు. 1922లో గాంధీజీకి ఆరేళ్ల శిక్ష పడింది కూడా ఈ సెక్షన్ కిందే.

కలెక్టర్ బ్రేకన్ గరిమెళ్లను పిలిపించి పాట మొత్తం పాడించుకున్నారని చెబుతారు. తెలుగు రాని తనకే ఇందులో ఏదో శక్తి ఉందనిపిస్తే, తెలుగువాళ్లు ఇంకెంత కదిలిపోతారోనని ఆ దొర భయపడ్డారట! చివరికి ఏడాది జైలు.

బయటికొచ్చాక ఆగారా? లేదు. గోదావరి జిల్లాల్లో ఊరూరా తిరిగి మళ్లీ అదే పాట అందుకున్నారు. ఈసారి రెండున్నరేళ్ల కఠిన శిక్ష పడింది. జైల్లో ఉండగానే ఇంట్లో వరుసగా చావులు.. తండ్రి పోయారు, భార్య పోయారు. క్షమాపణ రాసిస్తే వదిలేస్తామన్నా ఆయన ఒప్పుకోలేదంటారు.

చట్టం నచ్చకపోతే ఎవరైనా మీరేయొచ్చా? దానికి జవాబు గరిమెళ్ల జీవితంలోనే ఉంది. ఆ చట్టం చేసినవాళ్లను ఎన్నుకునే హక్కు మామూలు జనానికి లేదు. నోరు తెరిచి అడగడమే నేరం. అలాంటప్పుడు ఆయన దాక్కోకుండా నడివీధిలో పాడారు. ఎవరికీ హాని చేయలేదు. శిక్ష పడితే తప్పించుకోకుండా తనే అనుభవించారు. బస్సులు తగలబెట్టి పారిపోవడానికి, దీనికి అక్కడే తేడా! మూల్యం ఎవరు కట్టారన్నది చూస్తే చాలు, తేడా తెలిసిపోతుంది.

ఆ మూల్యం మాత్రం చిన్నది కాదు. తర్వాత మద్రాసు చేరి పత్రికల్లో పనిచేశారు. పక్షవాతం వచ్చింది, చూపు దెబ్బతింది, పేదరికం వదల్లేదు. స్వాతంత్ర్యం వచ్చాక కూడా ఆయన బతుకు మారలేదు. 1952 డిసెంబర్ 18న కన్నుమూశారు.

ఆయన పోయిన 70 ఏళ్లకు, 2022 మే 11న, సుప్రీంకోర్టు 124ఏ అమలును నిలిపేసింది. తెల్లదొరలు వెళ్లిపోయినా వాళ్ల సెక్షన్ మాత్రం అన్నేళ్లు మన పుస్తకాల్లోనే ఉండిపోయింది!