నిప్పునకు లొంగని కచేరీలు - రాబర్టు మిల్సు

ప్రభుత్వ భవనమును జూచువారు సాధారణముగా దాని స్తంభములను, గోపురమును జూచి మెచ్చుకొందురు. న్యాయస్థానములలో మెలగువారు మాత్రము లోపలి రికార్డు గది యెట్లున్నదని యడుగుదురు. భూమి యెవరిది, పింఛను ఎవరికి రావలెను, నూతన యంత్రమును మొదట కల్పించిన దెవరు అను ప్రశ్నలకు సమాధానము ఆ గదిలోని కాగితములయందే యుండును. అవి కాలిపోయినచో ప్రజల హక్కులకు సాక్ష్యమే నశించును. ఈ సంగతి నెఱిగి, తన వృత్తిజీవితములో అధికభాగము అగ్నిభయమును దొలగించుటకు వినియోగించిన వాస్తుశిల్పి రాబర్టు మిల్సు. వాషింగ్టను నగరమునందలి మహోన్నత స్మారకస్తంభమునకు నమూనా వ్రాసినవాడుగా లోకము ఆయన నెఱుగును. ఆయన కట్టిన కచేరీల చరిత్రము అంతకన్న విలువైనదని మా యభిప్రాయము.

మిల్సు 1781 ఆగస్టు 12వ తేదీన అమెరికాలోని దక్షిణ కెరొలైనా రాష్ట్రమున, చార్లెస్టను రేవుపట్టణమునందు జన్మించెను. అధ్యక్షుని మందిరమునకు శిల్పియైన జేమ్సు హోబను నొద్ద కొంతకాలము పనిచేసెను. అధ్యక్షుడు జెఫర్సను గ్రంథాలయమున వాస్తుగ్రంథములను జదివెను. పిమ్మట ప్రభుత్వ భవనముల పర్యవేక్షకుడైన బెంజమిను లట్రోబునకు శిష్యుడయ్యెను. కలప దూలములు లేకుండ ఇటుకతోడను రాతితోడను కమాను కప్పులు వేయు విద్యయం దాయనకు ఆసక్తి కలిగినది ఆ గురువు చెంతనే.

1811 డిసెంబరు 26వ తేదీన రిచ్మండు నగరమునందలి నాటకశాల తగులబడి 72 మంది మరణించిరి. ఆ స్థలముననే వారి స్మారకముగా నొక దేవాలయమును నిర్మించిరి. దానికి నమూనా వ్రాసినవాడు మిల్సు. 1820లో స్వరాష్ట్రమునకు మరలివచ్చి, అచ్చటి ప్రభుత్వ నిర్మాణములకు అధికారియై న్యాయస్థానములను, కారాగారములను గట్టించెను. 1822 మొదలు 1827 వఱకు చార్లెస్టనులో రికార్డుల నిమిత్తము కట్టిన మేడకు నిప్పంటని భవనమను పేరే స్థిరపడెను. అందు ఇటుక కమానులు, రాతి మెట్లు, ఇనుప కిటికీ తలుపులు అమర్చిరి.

రాజధానీనగరమునకు ఇట్టి కచేరీల యవసరము త్వరలోనే తెలియవచ్చెను. 1833 మార్చి నెలాఖరున ఖజానా భవనము దగ్ధమయ్యెను. పింఛనులకు సంబంధించిన కపటపత్రములను రూపుమాపుటకై కావలెననియే నిప్పు పెట్టిరని తరువాత విచారణలో తేలి, ఒకడు శిక్షితుడయ్యెను. 1836 డిసెంబరు 15వ తేదీన పేటెంటు కార్యాలయము, తపాలా కార్యాలయము ఉన్న మేడ తగులబడెను. ఆ మేడయం దొక నిప్పార్పు యంత్రమున్నను, దాని తోలుగొట్టము శిథిలమైపోయి పనికిరాకపోయెను. సుమారు 7,000 యంత్ర నమూనాలు, 9,000 చిత్రపటములు బూడిదయయ్యెను. పేటెంటులు పొందినవారి యొద్దనున్న ప్రతులను దెప్పించి రికార్డును తిరిగి వ్రాయించిరి. అయినను వేలకొలది పత్రములు మరల లభింపలేదు.

ఈ రెండవ యగ్నిప్రమాదమునకు కొన్ని నెలల ముందే, 1836లో, అధ్యక్షుడు ఆండ్రూ జాక్సను మిల్సును ప్రభుత్వ భవనముల శిల్పిగా నియమించియుండెను. నూతన ఖజానా భవనము, పేటెంటు భవనము అప్పుడే ప్రారంభమయ్యెను. 1839లో తపాలా భవనము మొదలయ్యెను. ప్రతి గదికిని కమాను కప్పు వేసి, ఒక గదిలో నిప్పు పుట్టినను పక్కగదికి బోకుండునట్లు చేయుట ఆయన పద్ధతి. నీటిలోనైనను గట్టిపడు సిమెంటును వాడుటచే కమానులు పలుచనివైనను ఏకశిలవలె నిలుచునని ఆయన విశ్వాసము.

ఈ పలుచదనమే వివాదమునకు కారణమయ్యెను. 1838లో అమెరికా ప్రతినిధి సభ ఫిలడెల్ఫియా శిల్పియైన థామసు వాల్టరుచే పరీక్ష చేయించెను. కమానుల యొత్తిడికి గోడలు చాలవనియు, సగము లేచిన ఖజానా భవనమును పడగొట్టుట మేలనియు వాల్టరు నివేదించెను. మిల్సు లెక్కలతో బదులు చెప్పెను. పడగొట్టవలెనను ప్రతిపాదనము కొద్ది వోట్ల తేడాతో వీగిపోయి, పని సాగెను. ఖజానా భవనమునందు మిల్సు భాగము 1842లో పూర్తియయ్యెను.

ఆయన యుద్యోగము మాత్రము నిలువలేదు. 1851లో తొలగించి, పేటెంటు భవనపు పనిని ఆ వాల్టరునకే యప్పగించిరి. 1848లో శంకుస్థాపన జరిగిన వాషింగ్టను స్మారకస్తంభము 1854లో ధనము లేక ఆగిపోయెను. మిల్సు 1855 మార్చి 3వ తేదీన మరణించెను. స్తంభము 1884లో, ఆయన తలచిన మంటపము లేకయే, 555 అడుగుల యెత్తున ముగిసెను.

ఆ వివాదమునకు తీర్పు చెప్పినది కాలము. 1877 సెప్టెంబరు 24వ తేదీన పేటెంటు భవనమున మరల నిప్పు పుట్టి, తరువాతివారు కట్టిన పడమటి, ఉత్తర భాగముల పై యంతస్తులను ముఖ్యముగా దహించెను. సుమారు 87,000 నమూనాలు నశించెను. మిల్సు కట్టిన దక్షిణభాగపు కింది కమానులు నేటికిని చెక్కుచెదరక యున్నవి. 1886 ఆగస్టు 31 నాటి మహాభూకంపమునకు చార్లెస్టను నగరము కూలినను నిప్పంటని భవనము నిలిచెను.

అయినను కట్టినంతమాత్రమున బాధ్యత తీరదు. ఖజానా భవనపు తూర్పు ముఖమున నిలిపిన 30 స్తంభములు మెత్తని యిసుకరాతివి. అవి కాలక్రమమున శిథిలముకాగా 1908 ప్రాంతమున వానిని దీసి గ్రానైటు స్తంభములను నిలుపవలసివచ్చెను. 1836లో పేటెంటు కార్యాలయమును ముంచినది నిప్పుతోపాటు, ఏండ్ల తరబడి యెవ్వరును పరీక్షింపని తోలుగొట్టము కూడ. భవనము కట్టుటకు ధనము మంజూరు చేయు శాసనసభలు దానిని కాపాడుటకు చేయు వ్యయమును దండుగగా నెంచుట అన్ని దేశములందును గలదు. కొన్ని వోట్లు అటునిటు మారినచో ఖజానా భవనమే నేలమట్టమై యుండెడిది. ప్రజాధనమును గాపాడుటయనగా ముందుచూపుతో దానిని వ్యయము చేయుట యనియు అర్థము.

ఖజానా కార్యాలయము నేటికిని ఆ భవనముననే పనిచేయుచున్నది. పేటెంటు భవనము 1968 నుండి జాతీయ చిత్రశాలలకు నిలయము. చార్లెస్టను మేడయం దా రాష్ట్రపు చరిత్ర పరిషత్తువారు ప్రదర్శనశాలను నడపుచున్నారు. దేశపు పత్రములకింత పదిలమైన యిండ్లు కట్టిన మిల్సు సమాధిపై మాత్రము 1936 వఱకు పేరు చెక్కిన రాయి యైనను లేకుండెను.