పైరుకు పక్షి కాపు: సలీం అలీ

కర్నూలు, కడప సీమలలో జొన్నకంకి పాలు పట్టే దినాలలో చేని నడుమ మంచె లేస్తుంది. దానిపై నిలిచిన బాలుడు వడిసెల త్రిప్పి పిట్టలను తోలుతాడు. అదే చేని గట్టున తుమ్మకొమ్మపై కూర్చున్న ఏట్రింత చటుక్కున క్రిందికి దూకి పురుగును నోట కరచుకొనిపోతుంది. పిట్ట రైతుకు శత్రువా, మిత్రమా? ఈ ప్రశ్నకు ఊహతో గాక పరిశీలనతో సమాధానం వెదకిన శాస్త్రజ్ఞుడు సలీం అలీ.

ఆయన 1896 నవంబరు 12వ తేదీన బొంబాయిలో జన్మించినారు. పసితనముననే తల్లిదండ్రులు గతించగా మేనమామ అమీరుద్దీన్ త్యాబ్జీ పెంచినారు. ఆ యింట వేట ఒక వేడుక. బాలుడొకనాడు గాలితుపాకితో పిచ్చుకను కొట్టినాడు. దాని కంఠాన పసుపుపచ్చని మచ్చ కనబడినది. అది ఏ జాతిదో తెలిసికొనుటకు బొంబాయి ప్రకృతి చరిత్ర సంఘానికి వెళ్లగా, కార్యదర్శి మిల్లర్డు దొర బీరువాలు తెరచి వరుసలు తీర్చిన పక్షులను చూపినాడు. చంపిన పిచ్చుకయే ఆ బాలునికి గురువైనది.

యౌవనంలో బర్మాలో కుటుంబ వ్యాపారం చూడబోయి, వ్యాపారం కంటె అడవులలోని పక్షులనే ఎక్కువగా చూచినారు. విశ్వవిద్యాలయ పట్టం లేదు. కొంతకాలం బొంబాయి ప్రదర్శనశాలలో ఉపన్యాసకులుగా ఉండి, 1929లో బెర్లిన్ నగరం చేరి స్ట్రెసెమన్ పండితునివద్ద శిక్షణ పొందినారు. తిరిగివచ్చేసరికి ఉద్యోగం లేదు. భార్య తెహ్మినాతో కూడ సముద్రతీరాన కిహీం గ్రామంలో కాపురం పెట్టినారు.

ఆ నిరుద్యోగమే ఆయనకు వరమైనది. ఇంటి సమీపాన గిజిగాళ్లు గూళ్లు అల్లుతున్నవి. జాషువ కవిత్వం ద్వారా మన బడిపిల్లలకు పరిచితమైన పక్షి అది. మగపిట్ట గూడు సగం అల్లి ఆడపిట్టను పిలుచుటయు, అది పరీక్షించి మెచ్చిన పిదపనే పని పూర్తియగుటయు 1930లో ఓపికతో గమనించి లోకానికి తెలిపినారు. గిజిగాడు గింజలు తినే మాట నిజమే. కాని పిల్లలను సాకేటప్పుడు మిడుతలను, గొంగళిపురుగులను ఏరి తెచ్చి మేపుతుంది. వడిసెల ఎత్తిన చేయి ఈ రెండవ లెక్కను కూడ చూడవలె. పక్షులన్నియు మేలు చేసేవే అని ఆయన అనలేదు. చిలుకలు పంటకు చేసే నష్టాన్ని దాచలేదు. ఏ పక్షి, ఏ ఋతువులో, ఏమి తింటున్నదో తెలిసికొన్న తరువాతనే తీర్పు చెప్పవలెనని ఆయన మతం.

1931లో హైదరాబాదు సంస్థానపు పక్షుల సర్వే ఆరంభించి, కృష్ణకు ఉత్తరపు నల్లమలలో సయితం సంచరించినారు. 1939లో తెహ్మినా మరణం ఆయనను క్రుంగదీసినది. పని మాత్రం ఆగలేదు. 1941లో భారతదేశపు పక్షులపై ఆయన గ్రంథం వెలువడి సామాన్యులకు పక్షి పరిచయం చేసినది.

బట్టమేకపిట్టను జాతీయపక్షిగా చేయవలెనని ఆయన కోరినారు. 1963లో ఆ గౌరవం నెమలికి దక్కినది. బట్టమేకపిట్ట నందికొట్కూరు సమీపాన రోళ్లపాడు బీళ్లలో మిడుతలను, పేడపురుగులను తింటూ సంచరించేది. ఆయన సంఘమే 1980 దశకంలో దానిని అక్కడ పరిశోధించినది. 1900 తరువాత కనబడని కలివికోడి 1986లో కడప జిల్లా రెడ్డిపల్లె వద్ద దొరికినపుడు వెదకినవారు ఆ సంఘమువారే. మరుసటి ఏడు జూన్ 20వ తేదీన సలీం అలీ కన్నుమూసినారు. 1988లో రోళ్లపాడు, లంకమల అభయారణ్యాలైనవి. అయినను బీళ్లు తరిగి, పంటలు మారి, రోళ్లపాడున బట్టమేకపిట్ట కనుమరుగైనది.

ఇప్పుడు వేరుసెనగ, కంది చేలలో కొయ్యలు నాటి పక్షిస్థావరాలు చేయుమని, వేపగింజల కషాయం చల్లుమని, ఆముదం ఎరపంటగా వేసి లద్దెపురుగు గ్రుడ్లను ఏరివేయుమని వ్యవసాయ నిపుణులు బోధిస్తున్నారు. విషపు మందు కడపటి ఆయుధం మాత్రమే. అది పురుగుతోబాటు పురుగును తినే పిట్టకు కూడ హాని చేయగలదు. పిట్ట పోయిన చేనిలో పురుగుకు ఎదురు తగ్గుతుంది. చేనిలో నాటిన కొయ్యపై ఏట్రింత వచ్చి వాలిననాడు, గాలితుపాకి పట్టిన బాలుడు జీవితమంతా నేర్చిన పాఠం రైతుకు అందినట్లే.