బ్రిటిషు రేడియోలో తొలి రికార్డు వ్యాఖ్యాత: క్రిస్టఫర్ స్టోన్

రేడియోలో పాటలు వినేవారు పాడిన వారిని, బాణీ కట్టిన వారిని తలచుకుంటారు గాని, రెండు పాటల నడుమ నాలుగు మాటలు పలికిన వ్యక్తిని అంతగా గుర్తుంచుకోరు. ఆ నాలుగు మాటలనే ఒక కళగా మలచి, వానివల్లనే కీర్తిని, ధనాన్ని, ఒకటికి రెండుసార్లు చిక్కులను కూడా కొనితెచ్చుకున్న క్రిస్టఫర్ స్టోన్ జీవితాన్ని మా విద్యార్థులకు పరిచయం చేయదలచాము. గ్రామఫోను రికార్డులు వినిపిస్తూ మాట్లాడే వారిని ఇంగ్లీషులో డిస్క్ జాకీ అంటారు. అమెరికాలో పుట్టిన ఆ పేరు వాడుకలోకి రాకముందే బ్రిటనులో ఆ పనికి శ్రీకారం చుట్టినవారు స్టోన్.

ఆయన 1882 సెప్టెంబరు 19న ఈటన్‌లో జన్మించారు. తండ్రి అక్కడి సుప్రసిద్ధ పాఠశాలలో ఉపాధ్యాయుడు. స్టోన్ యౌవనంలో నవలలు రచించారు, నావికుల పాటలను సేకరించి ప్రకటించారు. మొదటి ప్రపంచ యుద్ధంలో రాయల్ ఫ్యుజిలియర్స్ దళంలో అధికారిగా పోరాడి డి.ఎస్.ఓ., మిలిటరీ క్రాస్ అనే రెండు శౌర్య పురస్కారాలు పొందారు. యుద్ధభూమి నుండి ఆయన రాసిన ఉత్తరాలు ఆయన మరణానంతరం 1989లో గ్రంథరూపంలో వెలువడ్డాయి. కంటికి కనిపించని మనిషితో దగ్గర కూర్చున్నట్లు మాట్లాడే విద్య ఆ ఉత్తరాల ద్వారానే ఆయనకు అలవడిందేమోనని మాకు తోస్తుంది. ఇది మా ఊహ మాత్రమే.

ఆయన సోదరిని వివాహమాడిన నవలాకారుడు కాంప్టన్ మెకెంజీ 1923లో 'ది గ్రామఫోన్' అనే పత్రికను స్థాపించారు. స్టోన్ దానికి లండన్ సంపాదకులైనారు. అప్పటి రికార్డు నిమిషానికి 78 చుట్లు తిరిగేది. ఒక్కొక్క వైపు మూడు నాలుగు నిమిషాల సంగీతం మాత్రమే పట్టేది. పెద్ద సంగీత కృతిని వినాలంటే రికార్డులు మార్చుతూ, తిప్పుతూ, మధ్యమధ్య సూదులు మార్చుతూ ఉండవలసిందే. 1925 వరకు గాయకులు పెద్ద గరాటు వంటి కొమ్ములోనికి పాడేవారు. ఆ ఏడు మైక్రోఫోనుతో ముద్రణ మొదలై రికార్డుల ధ్వని ఎంతో మెరుగుపడింది. ఈ మార్పును దగ్గరగా గమనించిన స్టోన్‌కు రికార్డులను రేడియోలో ఎందుకు వినిపించకూడదనే ఆలోచన కలిగింది.

ఆనాటి బి.బి.సి. గాంభీర్యానికి పెట్టింది పేరు. 1927 జనవరి 1న రాజశాసనంతో కార్పొరేషనుగా మారిన ఆ సంస్థకు జాన్ రీత్ అధిపతి. ప్రకటనకర్తలు తమ పేరైనా చెప్పుకొనేవారు కారు. స్టోన్ ప్రతిపాదనను అధికారులు మొదట అంగీకరించలేదు. ఆయన పట్టు విడవక వారిని ఒప్పించి, 1927 జూలై 7న తొలిసారి రికార్డులతో మైకు ముందు కూర్చున్నారు.

శ్రోతలకు కనబడకపోయినా, ఆయన విందుకు వెళ్లే పెద్దమనిషి వలె నల్లకోటు, మెడకు టై ధరించి కార్యక్రమం నడిపేవారు. దుస్తులలో ఇంత మర్యాద పాటించిన మనిషి మాటలలో మాత్రం ఆ బిగువును పూర్తిగా సడలించారు. ఆయన ధోరణి ఉపన్యాసం కాదు, కాగితం చూసి చదివినట్లూ ఉండదు. తనకు నచ్చిన రికార్డును ఇంటికి వచ్చిన మిత్రునికి వినిపించినట్లే ఉండేది. ఈ ఆత్మీయత వల్లనే కార్యక్రమానికి అపారమైన ఆదరణ లభించింది.

1934లో ఆయన రేడియో లక్సెంబర్గుకు వెళ్లారు. వ్యాపార ప్రకటనలతో నడిచే ఆ కేంద్రం ఏడాదికి 5,000 పౌన్ల వేతనం ఇచ్చింది. ఆనాటికి అది గొప్ప సొమ్ము. రీత్ పాలనలో బి.బి.సి. ఆదివారాలను మతప్రసంగాలకు, గంభీర కార్యక్రమాలకు కేటాయించేది కనుక, ఆ రోజున తేలిక సంగీతం కోరే బ్రిటిషు శ్రోతలు లక్సెంబర్గు వైపు మొగ్గేవారు. బి.బి.సి. స్టోన్‌కు తన తలుపులు మూసివేసింది. ప్రకటనల సొమ్ము ముట్టని సంస్థకు కోపం రావడం సహజమే; అయినా రికార్డుకు అక్కడ పీట వేయించిన మనిషినే వెలివేయడం మాకు సబబుగా తోచదు. 1937లో ఆయన అంకుల్ క్రిస్ అనే పేరుతో పిల్లల కార్యక్రమం కూడా నడిపారు.

1939లో యుద్ధం రాగా లక్సెంబర్గు ప్రసారాలు ఆగిపోయాయి. స్టోన్‌కు మరల బి.బి.సి.లో చోటు దొరికింది. 1941 నవంబరు 11న ఆయన నోట వెలువడిన మాట ఒకటి పెద్ద దుమారం లేపింది. ఆనాడు ఇటలీ రాజు మూడవ విక్టర్ ఇమ్మాన్యుయేల్ జన్మదినం. స్టోన్ ఆయనకు శుభాకాంక్షలు చెప్పి, పాపం ఆ రాజుకు ఎవరమూ కీడు కోరమన్న భావం వచ్చేట్లు మాట్లాడారు. ఇటలీ 1940 జూన్ నుండి బ్రిటనుకు శత్రుదేశం. ఆ నవంబరులో బ్రిటిషు సైనికులు ఉత్తరాఫ్రికాలో ఇటలీ సేనలతో తలపడుతూనే ఉన్నారు. ఈ సంఘటన తరువాత ప్రసారాలపై ప్రభుత్వ నియంత్రణ మరింత బిగిసింది.

స్టోన్ దేశభక్తిని శంకించడానికి వీలులేదు. ఆయన పతకాలే సాక్ష్యం. మొదటి యుద్ధంలో ఇటలీ బ్రిటనుకు మిత్రదేశమే. పైగా 1941లో ఇటలీలో అధికారం ముస్సోలినీది, రాజు నామమాత్రుడు. అయినా కుమారుని రణరంగానికి పంపిన తల్లి ఆ సాయంత్రం రేడియో దగ్గర ఉంటే ఆ మాట ఆమెకు ఎట్లా వినిపించి ఉంటుందో కూడా ఆలోచించాలి. మిత్రునితో మాట్లాడినట్లు మాట్లాడే అలవాటే ఆయనను పైకి తెచ్చింది, ఆ అలవాటే ఆనాడు దెబ్బతీసింది.

1957లో ఆయన 75వ జన్మదినాన 'మెలొడీ మేకర్' పత్రిక, రికార్డులు వినిపించి జీవించే వారందరికీ మార్గదర్శి ఆయనేనని కొనియాడింది. 1965 మే 22న, 82 ఏళ్ల వయస్సులో, స్టోన్ కన్నుమూశారు. అప్పటికే రేడియో కెరొలైన్ అనే కేంద్రం సముద్రంలో ఓడ మీద నుండి పగలంతా రికార్డులు వినిపిస్తూ బి.బి.సి. శ్రోతలను ఆకర్షిస్తున్నది. జనప్రియ సంగీతానికే ప్రత్యేకించి బి.బి.సి. రేడియో వన్ కేంద్రాన్ని ప్రారంభించింది 1967 సెప్టెంబరు 30న, స్టోన్ గతించిన రెండేళ్ల తరువాత.